గ్లాస్గో గురించి పాత యాత్రికులు, గెజిటీర్లు రాసినవి: ఎవరిని నమ్మాలి?

సందేహాల సాంబయ్య
అందరికీ నమస్కారం. డానియల్ డిఫో 1720లలో బ్రిటన్ అంతటి గురించీ మూడు సంపుటాల యాత్రాగ్రంథం రాశాడు కదా, అందులో గ్లాస్గో గురించి ఏమంటాడంటే: లండన్‌ని పక్కన పెడితే బ్రిటన్ మొత్తంలో ఇంత శుభ్రమైన, అందమైన, చక్కగా కట్టిన నగరం మరొకటి లేదట. వందేళ్లు దాటాక 1839లో చేనేతవాళ్ల స్థితిగతులు విచారించడానికి వెళ్లిన సైమన్స్ అనే ప్రభుత్వ అధికారి అదే ఊరి సందులు చూసి, నాగరిక దేశంలో ఒక్కచోట ఇంత మురికి, నేరం, దైన్యం, రోగం ఉంటాయని ఇక్కడికి వచ్చేదాకా నమ్మలేదన్నాడు. ఆ మాటల్నే కార్ల్ మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ 1845లో తన పుస్తకంలోకి ఎత్తుకున్నాడు. ఇద్దరూ చెప్పేది ఒక ఊరి గురించేనా? డిఫో కోతలు కోశాడా, లేక వందేళ్లలో ఊరు అంతలా పాడైపోయిందా? చదివినవాళ్లు చెప్పండి.

లెక్కల మాస్టారు
సాంబయ్య గారూ, ముందు తలలు లెక్కపెట్టండి. 1707లో ఇంగ్లండ్, స్కాట్లాండ్ పార్లమెంట్లు కలిసిన రోజుల్లో గ్లాస్గో జనాభా పదమూడు వేలకు మించదు. ఇప్పటి మన లెక్కలో ఓ మోస్తరు మండల కేంద్రం. 1801 తొలి జనగణనకి 77 వేలు అయింది. 1831కి రెండు లక్షలు దాటింది, 1901కి ఏడున్నర లక్షల పైచిలుకు. పదమూడు వేల మంది ఉన్న ఊరిని శుభ్రం అనడంలో వింతేముంది? డిఫో చూసిన ఊరు వేరు, సైమన్స్ చూసిన ఊరు వేరు. అంతే.

పాతపుస్తకాల పిచ్చి
మాస్టారూ, అంతే అని తేల్చేస్తే ఎలా! డిఫో కన్నా ముందు వచ్చినవాళ్లు కూడా ఈ ఊరిని పొగిడారు, వాళ్ల మాటలు కూడా చూడాలి.

1656లో క్రామ్‌వెల్ ప్రభుత్వం తరఫున థామస్ టకర్ అనే అధికారి స్కాట్లాండ్ రేవుల కస్టమ్స్ వ్యవహారం పరిశీలించి నివేదిక ఇచ్చాడు. ఆయనకి అందచందాలతో పని లేదు, సుంకం ఎంత వస్తుందన్నదే లెక్క. ఆయన కూడా గ్లాస్గో చక్కని ఊరు అని ఒప్పుకున్నాడు. నాలుగు వీధులు శిలువ ఆకారంలో కలుస్తాయి, అందరూ వర్తకులే అన్నాడు. బొగ్గు వేసుకుని చిన్న చిన్న పడవల్లో ఐర్లండ్ వెళ్తారు, ఫ్రాన్స్‌తో, నార్వేతో వ్యాపారం ఉంది, కొందరు బార్బడోస్ దాకా వెళ్లి నష్టపోయి మానుకున్నారు అని రాశాడు. ఆ వెంటనే అసలు జబ్బు చెప్పాడు: ఊరి క్లైడ్ నదికి లోతు లేదు, రోజురోజుకీ పూడిపోతోంది, కాస్త పెద్ద ఓడ ఏదైనా ఊరికి పద్నాలుగు మైళ్ల అవతలే ఆగిపోవాలి. నా మటుకు నాకు గ్లాస్గో మీద రాసిన పాత రాతల్లో ఇదే అన్నిటికన్నా నిజాయితీగా కనిపిస్తుంది.

1650లలో అటు వెళ్లిన రిచర్డ్ ఫ్రాంక్ అయితే స్కాట్లాండ్‌లో దీనికి సాటి ఊరే లేదన్నాడు. వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ రే 1661లో వచ్చి, వీధులు వెడల్పుగా, హాయిగా ఉన్నాయి, ఊరు కొంచెం ఆక్స్‌ఫర్డ్‌లా ఉంది అన్నాడు. అంటే పొగడ్త డిఫోతో మొదలైంది కాదు.

సందేహాల సాంబయ్య
అందరూ కూడబలుక్కున్నట్టు ఒకే మాట అనడమే నాకు అనుమానంగా ఉంది. ఒకరిది చూసి ఒకరు రాశారేమో?

పాతపుస్తకాల పిచ్చి
కాపీ కొట్టడం ఆ రోజుల్లో మామూలే కానీ ఇక్కడ ఇంకో కారణం ఉంది. 1652 జూన్‌లో గ్లాస్గోలో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ఊళ్లో దాదాపు మూడో వంతు కాలిపోయి, వెయ్యి కుటుంబాల వరకు వీధిన పడ్డాయి. 1677లో మళ్లీ అంటుకుంది. చెక్క ఇళ్లు వద్దు, రాతితోనే కట్టాలి అని ఊరి పెద్దలు కట్టడి చేశారు. అంటే ఫ్రాంక్, రే చూసింది తిరిగి కట్టుకుంటున్న ఊరు. డిఫో చూసింది రెండోసారి కాలాక రాతితో కట్టుకున్న ఊరు. ఇళ్లన్నీ రాతివి, ఎత్తు ఒకటే, ముఖాలు ఒకే తీరు, కింది అంతస్తు పెద్ద పెద్ద చదరపు స్తంభాల మీద నిలబడి ఉంటుంది, స్తంభాల మధ్య కమానుల కింద నుంచి దుకాణాల్లోకి వెళ్లాలి అని డిఫో వర్ణిస్తాడు. ఎడిన్‌బరాకి ఆ అదృష్టం పట్టలేదు. అది కొండ వెన్ను మీద ఇరుక్కుని, ఏడెనిమిది అంతస్తుల మేడల మధ్య, రాత్రిపూట కిటికీల్లోంచి విసిరేసే మురికితో కంపు కొట్టేది. అక్కడినుంచి గ్లాస్గో వచ్చినవాడికి ఏది చూసినా స్వర్గంలానే ఉంటుంది.

రాయలసీమ రచ్చబండ
డిఫో గురించి ఇంకో ముక్క ఎవరూ చెప్పలేదు. ఆయన మామూలు యాత్రికుడు కాదు. 1706లో ఇంగ్లండ్ మంత్రి హార్లీ పంపితే ఎడిన్‌బరాలో మకాం పెట్టిన గూఢచారి. పార్లమెంట్ల విలీనానికి అనుకూలంగా రాయడం, జనం ఏమనుకుంటున్నారో లండన్‌కి చేరవేయడం ఆయన పని. అదే ఏడాది గ్లాస్గోలో విలీనం వద్దంటూ జనం అల్లర్లు చేశారు. ఇరవై ఏళ్లు పోయాక అదే ఊరికి విలీనం వల్ల ఎంత మేలు జరిగిందో చూడండి, ఏటా దాదాపు యాభై ఓడలు వర్జీనియాకి, న్యూ ఇంగ్లండ్‌కి వెళ్తున్నాయి అని తనే రాశాడు. తను అమ్మిన సరుకు బాగుందని తనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నట్టు లేదూ? అబద్ధం అనను. కానీ ఆ పొగడ్తలో రాజకీయం పాలు ఎంతో చూసి చదవాలి.

లెక్కల మాస్టారు
రచ్చబండ తమ్ముడు చెప్పింది బాగుంది. కానీ విలీనం ముందు డబ్బు లేదా? టకర్ నాటికే వర్తకులు ఉన్నారుగా. 1668లోనే నది కిందికి పోర్ట్ గ్లాస్గో అని వేరే రేవు కట్టుకున్నారు కూడా.

రాయలసీమ రచ్చబండ
ఉన్నారు మాస్టారూ. కాకపోతే ఇంగ్లండ్ వలస రాజ్యాలతో చట్టబద్ధంగా వ్యాపారం చేసుకునే హక్కు 1707 తర్వాతే వచ్చింది. అక్కడినుంచి పొగాకు దశ తిరిగింది. గుంటూరువాళ్లకి పొగాకు గురించి చెప్పాల్సిన పని లేదనుకోండి, అక్కడ కథ వేరు. వర్జీనియా, మేరీలాండ్ తోటల్లో పండిన ఆకుని తెచ్చి, అందులో ఎక్కువ భాగం ఫ్రాన్స్ లాంటి దేశాలకి మళ్లీ అమ్మేవాళ్లు. ఆ షావుకార్లు ఎర్రటి పొడుగు అంగీలు వేసుకుని, బంగారు పొన్ను చేతికర్ర పట్టుకుని ట్రాన్‌గేట్ వీధిలో తమకే కేటాయించినట్టున్న రాతిపలకల దారి మీద షికారు చేసేవాళ్లు. గ్లాస్‌ఫర్డ్, బుకానన్, ఇంగ్రమ్ అన్న వీధుల పేర్లు వాళ్లవే. వర్జీనియా వీధి, జమైకా వీధి కూడా ఉన్నాయి. ఆ తోటల్లో పని చేసిన ఆఫ్రికన్ బానిసల ఊసు మాత్రం ఊరి మేడల్ని పొగిడిన వర్ణనల్లో దాదాపు కనిపించదు.

క్లైడ్ ఒడ్డున
నేను ఇక్కడే ఉంటాను కాబట్టి ఒక్క మాట. ఆ మౌనం మొన్నమొన్నటిదాకా నడిచింది. బానిస శ్రమ మీద సంపాదించిన సొమ్ము తమకు విరాళాల రూపంలో ఎలా చేరిందో గ్లాస్గో విశ్వవిద్యాలయం 2018లో నివేదిక వెలువరించింది. నగర పాలక మండలి 2022లో క్షమాపణ చెప్పింది. అంతకుముందు టూరిస్టులకి ఇచ్చే కరపత్రాల్లో పొగాకు ప్రభువుల వైభవమే వైభవం.

విశాఖ వాణి
ఇంగ్లీషు నిఘంటువు రాసిన డాక్టర్ జాన్సన్ ఏమన్నాడో ఎవరూ చెప్పలేదే? ఆయన 1773లో స్నేహితుడు బోస్వెల్‌తో కలిసి వచ్చాడు కదా.

పాతపుస్తకాల పిచ్చి
వచ్చాడు వాణి గారూ, హెబ్రిడీస్ దీవులు తిరిగి తిరిగి, అక్టోబర్ చివర్లో గాలోగేట్‌లోని సారసెన్స్ హెడ్ అనే సత్రంలో దిగాడు. ఎన్నో వారాలు బురదనేలల్లో తవ్వి ఎండబెట్టిన పీట్ గడ్డల మంట పొగ మింగిన మనిషి, బొగ్గు పొయ్యి కనబడగానే దానికి అటో కాలు ఇటో కాలు పెట్టుకుని కూర్చుని, ఇదిగో నేను, ఇంగ్లీషువాణ్ణి, బొగ్గు మంట ముందు కూర్చున్నాను అన్నాడట. ఇది బోస్వెల్ రాసిపెట్టుకున్నాడు. జాన్సన్ తన పుస్తకంలో మాత్రం గ్లాస్గో లాంటి నలుగురూ తిరిగే ఊరిని వర్ణించడం అనవసరం అని దులిపేసుకున్నాడు. పెద్ద పెద్ద ఇళ్లు చూస్తే వ్యాపారం బాగుందని తెలుస్తోంది, మత సంస్కరణల విధ్వంసంలో కూలకుండా మిగిలిన కెథడ్రల్ ఉంది, ఇంకాస్త విశ్వవిద్యాలయం గురించి. ఐపోయింది.

అంతకుముందు లండన్‌లో అర్థశాస్త్రవేత్త ఆడం స్మిత్ గ్లాస్గో అందం గురించి గొప్పలు పోతుంటే, అయ్యా, మీరు బ్రెంట్‌ఫర్డ్ చూశారా అని జాన్సన్ అడిగాడట. బ్రెంట్‌ఫర్డ్ అంటే లండన్ పక్కన బురదకి పేరుపడ్డ ఊరు. స్మిత్ పదేళ్లకు పైగా గ్లాస్గోలో పాఠాలు చెప్పిన మనిషి, పాపం.

విశాఖ వాణి
😄 సరే, నా అభిమాన యాత్రికురాలి సంగతి కూడా చెప్తాను. డొరతీ వర్డ్స్‌వర్త్ 1803లో అన్నయ్య, కవి విలియంతో గ్లాస్గో వచ్చింది, దిగింది కూడా అదే సారసెన్స్ హెడ్‌లో. అందరూ భవనాలూ స్తంభాలూ చూస్తే ఈవిడ గ్లాస్గో గ్రీన్ మైదానంలో ఉన్న బట్టలుతికే ఇంట్లోకి వెళ్లింది. రెండు పెద్ద గదులు, ఒక్కో గది మధ్యలో వేడినీళ్ల తొట్టి, చుట్టూ బల్లలు, బల్లల మీద టబ్బులు. వందల మంది ఆడవాళ్లు ఒకేసారి ఉతుకుతున్నారు, చేతులూ తలలూ ముఖాలూ అన్నీ కదులుతున్నాయి అంటుంది. నిలబడి చూసి ఊరుకోలేదు, వాళ్లని పలకరించి రేట్లు అడిగింది. టబ్బుడు నీళ్లకి ఇంత, రోజంతా ఉతుక్కునేందుకు ఇంత, ఆరేసిన నార బట్టలకి కాపలా ఉండేవాళ్లకి ఇంత. కాపలాకి ఓ ముసలాయన, ఓ ముసలామె ఉన్నారట, దిగులు ముఖాలతో అటూ ఇటూ తిరుగుతూ. ఆడవాళ్లు తనతో మర్యాదగా మాట్లాడారని కూడా రాసింది. ఇంకో గమనిక కూడా చేసింది: ఊరంతా పని హడావుడే కానీ, పెద్దమనుషుల గుర్రబ్బళ్లు కనిపించవు అని.

డిఫో, రే, జాన్సన్‌ల రాతల్లో ఊరివాళ్లు ఎవరైనా నోరు విప్పి మాట్లాడారా? నాకు గుర్తున్నంతలో లేదు.

డాక్టరమ్మ
వాణి గారు చెప్పింది చదివాక నాకు అసలు ప్రశ్నకి జవాబు దొరికినట్టే ఉంది. మాస్టారు జనాభా పెరిగిందన్నారు, నిజమే. కానీ ఆ జనం ఎక్కడ సర్దుకున్నారు? హైస్ట్రీట్, సాల్ట్‌మార్కెట్ లాంటి పాత వీధుల్లో ఇంటి ముఖం సన్నం, పెరడు మాత్రం పొడుగు. ఆ పెరళ్లలో ఒకదాని వెనక ఒకటి ఇళ్లు లేపి అద్దెకిచ్చారు. వీధిలోంచి చూస్తే డిఫో పొగిడిన రాతి ముఖమే. వెనక ఏముందో తెలియాలంటే గుమ్మంలాంటి సందులోంచి దూరి వెళ్లాలి.

దూరి వెళ్లినవాళ్లలో డాక్టర్ నీల్ ఆర్నాట్ ఒకాయన. ప్రజారోగ్య సంస్కర్త చాడ్విక్‌తో కలిసి వెళ్లాడు, ఆయన రాసింది చాడ్విక్ 1842 నివేదికలో ఉంది. వీధిలోంచి ఇంటి గుమ్మంలా ఉన్న ఒక చీకటి నడవలోకి వెళ్లారు. నడవ దాటితే చదరంగా ఓ వాకిలి, నడవడానికి అంచున సన్నని దారి తప్ప వాకిలంతా పెంటకుప్ప. దాన్ని దాటితే ఇంకో నడవ, ఇంకో వాకిలి, ఇంకో పెంటకుప్ప. ఆ తర్వాత మూడోది. మరుగుదొడ్డి లేదు, మురుగు కాలువ లేదు. అన్నిటికన్నా నన్ను ఆపేసిన వాక్యం ఏంటంటే, ఆ పెంటని ఎరువుగా అమ్మితే వచ్చే డబ్బుతోనే ఇంటి అద్దెలో చాలా భాగం కట్టేవాళ్లట. అంటే శుభ్రం చేస్తే అద్దెకి డబ్బు ఉండదు! బ్రిటన్‌లో తాము చూసినవాటిలో గ్లాస్గో జనం పరిస్థితే అధ్వానం అని చాడ్విక్ తేల్చాడు.

అప్పటికే 1832లో కలరా వచ్చి వెళ్లింది. టైఫస్ సంగతి సరేసరి. 1859లో లాక్ కాట్రిన్ సరస్సు నుంచి మంచినీళ్లు తెచ్చాక గానీ తేడా కనబడలేదు. 1853-54 కలరాలో నాలుగు వేల మంది దాకా పోతే, 1866లో వచ్చినప్పుడు వందలోపే.

లెక్కల మాస్టారు
అమ్మా, ఒప్పుకుంటా గానీ ఒక మెలిక. సైమన్స్, చాడ్విక్ కూడా ఒక పని మీద వెళ్లినవాళ్లే. ఘోరం చూపిస్తే తప్ప చట్టం రాదు. డిఫోకి మంచి చూపించాల్సిన అవసరం ఉంటే, వీళ్లకి చెడు చూపించాల్సిన అవసరం ఉంది.

డాక్టరమ్మ
ఉద్దేశం ఉంటే ఉండొచ్చు మాస్టారూ. కానీ మూడు వాకిళ్లలో మూడు పెంటకుప్పలు లెక్కపెట్టుకుని వచ్చిన మనిషినీ, మేడల ఎత్తు సమానంగా ఉందని వీధిలో నిలబడి రాసిన మనిషినీ ఒకే కాటాలో పెట్టలేను.

క్లైడ్ ఒడ్డున
డాక్టరమ్మ గారికి తోడుగా: 1866లో నగర అభివృద్ధి చట్టం వచ్చి ఆ సందుల్ని కూలగొట్టాలని నిర్ణయించారు. కూల్చేముందు ఫొటోలు తీయమని థామస్ ఆనన్‌కి అప్పగించారు. 1868 నుంచి 1871 మధ్య తీసిన ఆ ఫొటోల్లో రెండు గోడల మధ్య కర్రలు దూర్చి ఆరేసిన బట్టలు, తడి రాళ్ల నేల కనిపిస్తాయి. ఎక్స్‌పోజర్‌కి చాలాసేపు పట్టేది కాబట్టి, కదిలిన పిల్లలు పొగలా చెదిరిపోయి ఉంటారు. నెట్‌లో దొరుకుతాయి, తప్పక చూడండి.

కడప కైఫీయత్తు
యాత్రికుల గురించే మాట్లాడుతున్నారు, శీర్షికలో గెజిటీర్లు, అంటే ఊళ్ల వివరాలు కూర్చిన పుస్తకాలు, అని కూడా ఉంది కదా! నాకు ఆసక్తి అక్కడే.

స్కాట్లాండ్‌లో ఈ పనికి పునాది వేసింది సర్ జాన్ సింక్లెయిర్. దేశంలో ప్రతి పారిష్ చర్చి మతాధికారికీ నూట అరవైకి పైగా ప్రశ్నలు పంపాడు: నేల ఎలాంటిది, ఏం పండుతుంది, ఎంతమంది పుట్టారు, పోయారు, కూలి ఎంత, జనం నడత ఎలా ఉంది. వచ్చిన జవాబుల్ని 1791 నుంచి 1799 వరకు 21 సంపుటాలుగా అచ్చేశాడు. గ్లాస్గో భాగాన్ని మాత్రం ఊళ్లోని గౌరవనీయులైన కొందరు పంపిన సమాచారంతో కూర్చారని అందులోనే ఉంది. గౌరవనీయులు రాస్తే ఊరు ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇది చదివినప్పుడల్లా నాకు మన మెకంజీ గుర్తొస్తాడు. కాలిన్ మెకంజీ కూడా స్కాట్లాండ్‌వాడే, లూయిస్ దీవిలోని స్టార్నవే. మన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఆయన దగ్గర పని చేశారు. వాళ్ల బృందం ఊరూరా కరణాల దగ్గర సేకరించిన కైఫీయత్తుల్లోనూ (ఊరి చరిత్రల్లోనూ) ఇదే ఇబ్బంది. గుడి మాన్యం ఎవరిది, కరణీకం ఎవరి వంశానిది అన్నచోట చెప్పేవాడి స్వార్థం చెప్పకనే తెలిసిపోతుంది. అక్కడ మతాధికారి, ఇక్కడ కరణం. అయినా ఇద్దరూ ఊరివాళ్లే కాబట్టి, రెండు రోజులు ఉండి పోయే యాత్రికుడికి తెలియని సంగతులు వాళ్ల దగ్గర దొరుకుతాయి.

సందేహాల సాంబయ్య
మరి తర్వాతి గెజిటీర్లు? గ్రూమ్‌ది బాగుంటుందంటారు.

కడప కైఫీయత్తు
ఫ్రాన్సిస్ గ్రూమ్ సంపాదకత్వంలో 1882 నుంచి 1885 వరకు వచ్చింది. అంతకుముందు 1846లో శామ్యూల్ లూయిస్ నిఘంటువు, 1850లలో విల్సన్ ఇంపీరియల్ గెజిటీర్ ఉన్నాయి. ఈ రకం పుస్తకాలు ముందువాటిని మింగి తయారవుతాయి, అదే వాటి బలం, అదే బలహీనత. పాత యాత్రికుల పొగడ్తలు వరసగా ఎత్తి రాస్తారు, చర్చిలు, బ్యాంకులు, వంతెనలు, రేవు ఆదాయం వరసపెడతారు. పేదల పేటలు కూలగొట్టిన సంగతి వచ్చేసరికి అది ఘనకార్యాల జాబితాలో చేరిపోతుంది. కూల్చిన ఇళ్లలోవాళ్లు ఎటు పోయారో వెతకాలంటే మాత్రం గెజిటీర్ పక్కన పెట్టి ఆరోగ్యాధికారుల నివేదికలు తెరవాలి. అలాగని గెజిటీర్ వద్దనను. ఫలానా ఏడాదిలో ఫలానా వంతెన ఉందా లేదా అంటే దానికి మించింది లేదు.

లెక్కల మాస్టారు
నది సంగతి మధ్యలో వదిలేశారు. టకర్ పూడిపోతోందన్న నదిలో తర్వాత అంత పెద్ద ఓడలు ఎలా కట్టారు? నాకు ఇదే పెద్ద వింత.

క్లైడ్ ఒడ్డున
మాస్టారూ, 1755లో స్మీటన్ అనే ఇంజినీరు సర్వే చేసి ఆనకట్ట, లాకు కడదామన్నాడు. అది జరగలేదు. తర్వాత జాన్ గోల్‌బర్న్ వచ్చి వేరే ఉపాయం చెప్పాడు: ఒడ్డునుంచి నది లోపలికి రాతి గట్లు కట్టి ప్రవాహాన్ని ఇరుకు చేయండి, వేగం పెరిగి నీరే అడుగు ఇసుకని కోసుకుపోతుంది. 1773లో డంబక్ దగ్గర పొడుగాటి గట్టు కట్టారు. ఆ పైన ఆవిరి డ్రెడ్జర్లు వచ్చి మిగతాది తవ్వాయి. అందుకే పెన్నంట్ అనే యాత్రికుడిలా 1770 ప్రాంతంలో వచ్చినవాళ్లు చూసిన క్లైడ్ వేరు, గ్రూమ్ నాటి క్లైడ్ వేరు. రాసినవాడి పేరుతోపాటు రాసిన ఏడాది కూడా చూసుకోకపోతే తికమకపడతాం.

విశాఖ వాణి
క్లైడ్ గారూ, ఈ యాత్రికులు చూసినవాటిలో ఇప్పుడు ఏం మిగిలాయి? వచ్చే వేసవిలో మా అమ్మాయి దగ్గరికి వస్తున్నాను, అందుకే అడుగుతున్నా.

క్లైడ్ ఒడ్డున
రండి, రండి. కెథడ్రల్ ఉంది, దాని ఎదురుగా 1471 నాటి ప్రొవాండ్స్ లార్డ్‌షిప్ అనే ఇల్లు ఉంది. నాలుగు వీధుల కూడలిలో టోల్‌బూత్ (పాత ఊరి కచేరీ) గోపురం ఒక్కటే నడిరోడ్డులో నిలబడి ఉంటుంది, పక్కనున్న భవనాన్ని 1921లో తీసేశారు. డిఫో వర్ణించిన కమానుల దుకాణాలు ఒక్కటీ లేవు. గ్రీన్ మైదానం ఉంది, ఉతికే ఇల్లు లేదు.

హైస్ట్రీట్‌లో అందరూ మెచ్చుకున్న పాత కాలేజీ కోసం మాత్రం వెతకకండి. 1870లో విశ్వవిద్యాలయం గిల్మోర్‌హిల్‌కి మారింది, పాత చోటు రైల్వేవాళ్లు కొని గూడ్స్ యార్డ్ చేశారు. కొన్ని రాళ్లు మాత్రం కొత్త చోటికి చేరాయి. పాత గుమ్మం రాళ్లతో కట్టిన పియర్స్ లాడ్జ్, 1690 నాటి సింహం, యూనికార్న్ బొమ్మల మెట్లు ఇప్పుడు గిల్మోర్‌హిల్‌లోనే ఉన్నాయి. ఆ మెట్లు ఎప్పుడైనా చూడొచ్చు, టికెట్ లేదు.